పారేయకమ్మ దీపం

చెత్తబండి అతను ఆ గుమ్మం ముందు బండి ఆపేది అలవాటు కొద్దీ మాత్రమే. ఆపి, గంట కొట్టి, కిటికీ వైపు తిరిగి, "అమ్మా, ఇవాళైనా ఏమన్నా ఉందా, లేకపోతే మీరిద్దరూ గాలి పీల్చి బతికేస్తున్నారా?" అని అడిగేవాడు. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగేది కాదు. ఆ చప్పుడు మధ్యలోంచే జవాబు వచ్చేది. "రేపు చూద్దాంలే నాయనా." ఆ రేపు ఎప్పుడో వారానికోసారి వచ్చేది. వచ్చిన రోజున కూడా ఆవిడ పంపేది గుప్పెడుకు మించేది కాదు. విరిగిన సూదుల పొట్లం, ఇక దేనికీ పనికిరాదని మనస్ఫూర్తిగా ఒప్పుకున్న ఏదో ప్లాస్టిక్ ముక్క, అంతే. ఆ ముక్కను గుమ్మం పక్కన పెట్టేటప్పుడు కూడా ఊరెళ్ళే చుట్టాన్ని సాగనంపుతున్నట్టు ఉండేది ఆవిడ ముఖం.

వీధిలో వాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు పారేయకమ్మ. ఎవరి చేతిలోని సీసా అయినా, డబ్బా అయినా, చిరుగు గుడ్డ అయినా చెత్తబుట్ట వైపు కదిలితే చాలు, ఆవిడ నోటి వెంట మొదట వచ్చే మాట "పారేయకమ్మా" అన్నదే. అసలు పేరు అరిగిపోయి ఇది మిగిలింది. వృత్తికి దర్జీ. ముందుగదిలో మిషను, దాని పక్కన కత్తిరింపుల బల్ల, బల్ల కింద గుడ్డ ముక్కల సంచులు. మగవాళ్ళ చొక్కాలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆవిడ చేతికి పేరుంది.

ఆ ఇంట్లో ఏ డబ్బా మీద ఏం రాసి ఉంటుందో దానిలో అది ఉండదు. కాఫీ డబ్బాలో గుండీలుంటాయి. కాఫీపొడి కావాలంటే బిస్కెట్ల డబ్బా తీయాలి. బిస్కెట్లు కావాలంటే ఒకప్పుడు రంగుపెన్సిళ్ళు వచ్చిన రేకు పెట్టె వెతుక్కోవాలి. పాల ప్యాకెట్లు కడిగి, క్లిప్పులు పెట్టి, బట్టలతో పాటు తీగ మీద ఆరేస్తుంది. పాత ప్యాంటు కాళ్ళు సంచులవుతాయి, సంచులు చిరిగితే మసిగుడ్డలవుతాయి, మసిగుడ్డలు చివికితే కుండీలో మొక్క మొదట్లో పరుపవుతాయి. కూరగాయల తొక్కలు పెరట్లో ప్రహరీ పక్కనున్న మూత బకెట్‌లోకి వెళ్ళి, కొన్నాళ్ళకు నల్లటి మట్టిగా బయటికొస్తాయి. ఆ బకెట్ గురించి పక్కింటావిడతో వచ్చిన తగువు తర్వాత చెప్పుకోవలసి ఉంది.

ఆవిడ భర్త కరెంటు పని చేసి రిటైరైన మనిషి. మెత్తటి మాట, ముక్కు మీద కళ్ళజోడు. ఆ కళ్ళజోడుకు ఒక కాడ మిషను దారంతో కట్టి ఉంటుంది.

"ఏమోయ్, నేను పోయాక నన్ను దేనికి వాడతావో ఇప్పుడే చెప్పు, మనసు సిద్ధం చేసుకుంటాను" అంటాడు అప్పుడప్పుడు.

"మీరు దేనికి పనికొస్తారో ఇన్నేళ్ళ నుంచీ ఆలోచిస్తూనే ఉన్నానండీ" అంటుంది ఆవిడ, నోట్లో దారం కొరుకుతూ.

పారేయడం అన్న మాట దగ్గర కాస్త ఆగి చూస్తే వింతగా ఉంటుంది. ఊళ్ళు పట్టుకు తిరిగినవాళ్ళెవరైనా చెబుతారు, ప్రతి పెద్ద ఊరి చివరా ఒక గుట్ట ఉంటుంది. దేవుడు చేసిన గుట్ట కాదు, మనుషులు వద్దనుకున్నవాటి గుట్ట. రైలు ఊళ్ళోకి రాబోతుంటే ప్రయాణికులు ముక్కు మూసుకునే చోటు అదే. ఇంట్లోంచి పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదని ఒక్క క్షణం అందరికీ తోస్తుంది. ప్లాట్‌ఫారం రాగానే పెట్టెలు దించుకునే హడావుడిలో మరిచిపోతారు. పారేయకమ్మకు ఈ ఆలోచనలేవీ లేవు. ఆవిడకు కనిపించేది చేతిలోని వస్తువు, అందులో ఇంకా మిగిలిపోయిన పని. అంతే.

ఇక కాలర్ల సంగతి. చొక్కాలో ముందుగా ప్రాణం పోయేది కాలర్‌కే. మెడకు రాసుకుని రాసుకుని మడత దగ్గర పీచు లేస్తుంది. ఒళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్నా ఆ పీచు చూసి చొక్కానే అవతల పడేస్తారు. ఒకప్పుడు గుమాస్తాలూ పంతుళ్ళూ అలా పడేసేవారు కారు. దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి కాలర్ తిప్పించుకునేవారు. కుట్లు విప్పి, కాలర్ ఊడదీసి, అరగని వైపు పైకి వచ్చేలా తిరగేసి మళ్ళీ కుడితే చొక్కాకు రెండో ఆయుష్షు. ఇప్పుడు ఆ పని అడిగేవాళ్ళే అరుదు. అడక్కపోయినా చేసేది ఆవిడొక్కతే.

కాలర్ కొనలు వాలిపోకుండా లోపల సన్నటి బద్దలు పెడతారు. బజారులో అమ్మే బద్దలు ఆవిడ ఎన్నడూ కొనలేదు. పాత ఎక్స్‌రే ఫిల్ముల మూలలు కోసి పెట్టేది. ఆ ఫిల్ము వంగుతుంది గాని విరగదు. వీధిలో వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి, బీరువాల మీద దుమ్ము తింటున్న ఎక్స్‌రేలన్నీ ఆవిడ బల్ల కిందికి చేరేవి. విరిగిన చెయ్యి, బెణికిన మోకాలు, దగ్గిన రొమ్ము, అన్నీ.

మూలలు కాలర్లకు పోగా మిగిలిన నడిమి భాగాలతో ఆవిడ తన మిషను పైనున్న బల్బుకు గొడుగు కుట్టింది. ఫిల్ములను గుండ్రంగా కత్తిరించి, అంచుల వెంట బెజ్జాలు పొడిచి, దారంతో ఒకదానికొకటి అల్లింది. పేర్లూ నంబర్లూ ఉండే పట్టీలు మూలల్లోనే ఉంటాయి. అవి కాలర్లలోకి పోయాయి. దీపానికి ఎవరి పేరైతే ఏం? బల్బు వెలిగితే పక్కటెముకలు ఆకు ఈనెల్లా కనిపించేవి. చేతివేళ్ళు ఎండుపుల్లల్లా ఉండేవి. ఒక ఫిల్ములో మాత్రం నల్లటి మేర మధ్య బఠాణీ గింజంత తెల్లటి గుండ్రం ఒకటి ఉంది. ఆవిడకు అది రాత్రిపూట ఆకాశంలా అనిపించింది. అందుకే ఆ ముక్కను మిషను వైపు తిప్పి కట్టుకుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా ఒకసారి దానివైపు చూసేది.

ఒక సాయంత్రం దీపం వెలిగించిన కాసేపటికి ఆ వీధికి కొత్తగా వచ్చిన ఒకాయన చొక్కా పట్టుకుని వచ్చాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం అతనిది.

"అమ్మా, మీరు కాలర్ తిప్పుతారట కదా."

"ఆ మాట అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారా బాబూ? కూర్చో. ఏదీ, ఇటివ్వు." ఆవిడ కాలర్‌ను వేళ్ళతో తడిమింది. "లోపలి వైపు బంగారంలా ఉంది. ఇంకో నాలుగేళ్ళు..."

అతను వినడం లేదు. కుర్చీలో కూర్చోబోయి సగంలో ఆగిపోయాడు. తలెత్తి దీపం వైపే చూస్తున్నాడు.

"అందరూ అలాగే చూస్తారు బాబూ" అంది ఆవిడ, కాస్త సంబరంగా.

"ఇదెవరిదమ్మా?"

"నాదే. నేనే కుట్టాను."

"దీపం కాదమ్మా. ఈ ఊపిరితిత్తులు."

ఆవిడకు మాట అర్థం కాలేదు. అతను దగ్గరికి వెళ్ళి, ఆ తెల్లటి గుండ్రం కింద వేలు పెట్టాడు, తాకకుండా. "ఇది ఎవరిది?"

"అది చందమామ బాబూ" అంది ఆవిడ. ఆ మాట నోటి నుంచి దాటిన మరుక్షణమే, అతని ముఖం చూశాక, తను అనకూడని మాటేదో అన్నానని ఆవిడకు తోచింది.

"ఊపిరితిత్తి అంటే గాలి. ఫిల్ములో నల్లగా కనిపించాలి. ఆ నలుపులో ఇంత గుండ్రంగా తెల్ల చుక్క ఉండకూడదు" అన్నాడు అతను నెమ్మదిగా. "నేను డాక్టర్ని కాను, అది ఏమిటో నేను చెప్పకూడదు. ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఈ మనిషి డాక్టర్‌కి చూపించుకోవాలి. తీసినప్పుడు ఎవరూ గమనించినట్టు లేదు. పేరేదమ్మా? మూలలో ఉండాలి."

"మూల కోసేశాను."

"కోసిన ముక్క?"

"ఏదో చొక్కా కాలర్‌లో ఉంది బాబూ."

అతను నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. ఆవిడ కాలు మిషను పెడల్ మీదే ఉండిపోయింది, చేతిలో అతని కాలర్ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ సూదిలో దారం ఎక్కిస్తూ ముచ్చటపడి చూసుకున్నది ఒక మనిషి రొమ్ములోని జబ్బునా? ఆ మనిషి ఎవరో తెలిపే ఒక్క ముక్కనూ తన చేత్తోనే కోసి, తన చేత్తోనే ఎక్కడో కుట్టేసింది.

అతను వెళ్ళాక భర్త లోపలి గదిలోంచి వచ్చాడు. అంతా విన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం ఆడే మనిషి ఆ పూట దీపం కింద నిలబడి ముక్కా ముక్కా తలెత్తి చూశాడు. నిచ్చెన మీంచి పడినప్పుడు ఎముక విరిగిందేమోనని ఆయనకూ రొమ్ము ఫిల్ము తీశారు. ఆ ఫిల్మూ ఈ గొడుగులోనే ఉంది. ఏ ముక్క ఆయనదో ఆవిడకు తెలియదు. ఇద్దరూ ఆ వెలుతురు కింద ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

"నాదే అయ్యుంటుంది" అన్నాడు ఆయన చివరికి.

"నోరు మూసుకోండి" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రేలు తీయించుకున్నారు. ఆ ఎక్స్‌రే అతనే తీశాడు. ఆయన రొమ్ము శుభ్రంగా ఉంది. ఆవిడదీ అంతే. బయటికొచ్చాక ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆవిడ పక్కన నిలబడి ఎదురుగా రోడ్డు మీద పోయే జనాన్ని చూస్తోంది. మగవాళ్ళందరికీ కాలర్లున్నాయి.

"అయితే మనది కాదు" అన్నాడు ఆయన. "ఇక వదిలెయ్యవే. వీధిలో వాళ్ళంతా ఇచ్చారు. ఎవరిదని వెతుకుతావు?"

"మనది కాకపోతే ఎవరిదో ఒకరిది కదండీ. ఆ మనిషికి తెలియదు. మనకు తెలుసు. ఇప్పుడు మాత్రం పారేయమంటారా?"

ఇంటికొచ్చి ఆవిడ మొదట తన బద్దల డబ్బా బోర్లించింది. ఆ డబ్బా మీద టీపొడి అని ఉంది. కోసి పెట్టి ఇంకా వాడని మూలలు కొన్ని దొరికాయి. వాటిలో ఏదీ ఆ ఫిల్ముది కాదు. భర్త చొక్కాల కాలర్లన్నీ విప్పింది. కొన్ని బద్దల మీద నలుపంతా ఉతుకుల్లో పోయి అద్దం ముక్కల్లా తేలాయి. ఆ పేరు ఈపాటికి ఎవరి ఇంటి సబ్బునీళ్ళలోనో కలిసిపోయి ఉంటుంది.

ముందుగదిలో దిగాలుగా కూర్చుని మళ్ళీ దీపం కేసి చూసింది. పట్టపగలు, బల్బు వెలగడం లేదు. వెలుతురు వెనక నుంచి కాకుండా కిటికీలోంచి పడుతోంది కాబట్టి ఎముకలు కనిపించలేదు. కుట్లు కనిపించాయి. గొడుగు ఒక్క రోజులో కుట్టింది కాదు. ఫిల్ము దొరికినప్పుడల్లా ఒక ముక్క చేర్చుకుంటూ పోయింది. ఏ రోజు మిషనులో ఏ దారం ఉంటే దాని కొసతో అల్లింది. కొసలు పారేసే అలవాటు ఎలాగూ లేదు. అందుకే ఒక్కో ముక్క చుట్టూ ఒక్కో రంగు. నీలం, బూడిద, మట్టి రంగు. ఆ తెల్లచుక్క ముక్క చుట్టూ ఉన్నది పిస్తా రంగు దారం.

పిస్తా రంగు దారం ఆవిడ జీవితంలో ఒకే ఒక్క చొక్కా కోసం కొంది.

పక్కింటి మాస్టారిది ఆ చొక్కా. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. బడిలో ఆఖరి రోజున వేసుకోవడానికి మాస్టారి భార్య గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఆ సంచి ఇప్పుడు ఆవిడ కళ్ళకు కట్టింది. గుడ్డ కింద ఒక పెద్ద కవరు ఉంది. "ఇవీ తీసుకో వదినా, రిటైర్మెంటు పరీక్షలకని ఏవేవో తీశారు, పనైపోయింది, మా ఇంట్లో అడ్డం" అంది. ఆ రోజే ఫిల్ము మూల కోసి ఆ చొక్కా కాలర్‌లోనే పెట్టింది, ఆ రోజే ఆ దారంతో ముక్క కట్టింది.

అప్పుడే ప్రహరీ అవతల మాస్టారు దగ్గారు. రోజూ దగ్గుతారు. ఇన్నాళ్ళూ అది గోడ మీద కాకి అరిచినట్టే ఆవిడ చెవికి అలవాటైపోయింది. ఇవాళ ఆ దగ్గు మొదలైనప్పుడు లేచి పెరటి గుమ్మం దాకా వెళ్ళి వింది. దగ్గు ఒకసారి ఆగి మళ్ళీ వచ్చింది.

అయినా వెంటనే వెళ్ళి చెప్పడానికి ధైర్యం చాలలేదు. దారం ఒక్కటే సాక్ష్యం. ఆ వారంలో ఇంకెవరైనా ఫిల్ము ఇచ్చారేమో. మాస్టారిది కాకపోతే? ఏమీ లేని మనిషికి లేని జబ్బు అంటగట్టి, ఆ ఇంట్లో చిచ్చు పెట్టినట్టవుతుంది. కాలర్‌లో బద్ద ఉంటుంది, దాని మీద పేరుంటుంది. ముందు అది చూడాలి.

పైగా ఆ ఇంటితో మాటలు లేవు. తొక్కల బకెట్ వాసన ప్రహరీ దాటి వస్తోందని మాస్టారి భార్య ఒక రోజు గోడ మీదుగా అంది. వాసన మట్టిదేనని ఈవిడ అంది. అక్కడి నుంచి ఇద్దరూ పెరట్లో ఎదురుపడితే ఆకాశం చూసేవారు. మాస్టారి భార్య ఈవిడకు పూర్తిగా వేరే రకం. ఆ ఇంట్లో ఏ వస్తువుకూ రెండో అవకాశం లేదు. నిండుగా ఉన్న చెత్తబుట్ట చూస్తే ఆవిడకు పని జరిగినట్టు.

ఆవిడ దుప్పటి దులుపుతుండగా పారేయకమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది.

"వదినా, మాస్టారి పిస్తా రంగు చొక్కా ఒకసారి ఇస్తావా?"

దుప్పటి ఆగింది. "ఇన్నాళ్ళకి నోరు తెరిచి అడిగింది పాత చొక్కానా? మీ ఇంట్లో ఉన్న చెత్త చాల్లేదా వదినా?"

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను."

"చూడ్డానికేం మిగిలిందని? కాలర్ చివికింది, పారేశాను. ఇంట్లో గాలాడొద్దూ?"

"ఎక్కడ పారేశావు?"

"పారేయడానికి ఎక్కడేమిటమ్మా, బండిలో. ఎప్పటి మాట అది." మాస్టారి భార్య దుప్పటి మళ్ళీ దులపబోయి, ఎదుటి మనిషి ముఖంలో రంగు పోవడం చూసి ఆగింది. "ఏమైంది వదినా? ఏంటలా అయిపోయావు?"

పారేయకమ్మ ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి లోపలికి వచ్చేసింది. ఊరి చివరి గుట్ట ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు మొదటిసారి అది ఎంత ఎత్తుంటుందో ఆలోచించింది.

రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారాక బండి గంట వినిపించింది. "అమ్మా, ఇవాళైనా ఏమన్నా ఉందా?" అన్న పాత పాటే. ఆ రోజు మిషను చప్పుడు లేదు. ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి ఉంది, ఆ గుట్ట ఎక్కడుందో అతన్నే అడుగుదామని. అలా ఎదురుగా నిలబడి అతన్ని చూడటం బహుశా అదే మొదటిసారి. మిషను మీంచి తలెత్తితే కదా. అతని ఒంటి మీద మెరుపు పట్టీల చేతుల్లేని కోటు ఉంది. ఆ కోటులోంచి మెడ దగ్గర ఒక కాలర్ బయటికొచ్చింది. మురికి పట్టి, వెలిసిపోయి ఉంది. అయినా ఆ రంగు పిస్తా రంగే. ఆ కొనలు వాలలేదు. ఇన్ని ఉతుకుల తర్వాత కూడా అలా నిలబడే కాలర్ ఈ వీధిలో ఒక్క చేతిదే.

ఆవిడ చెప్పులు లేకుండా వీధిలోకి వచ్చింది.

"నాయనా, ఈ చొక్కా ఎక్కడిది నీకు?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "దొంగతనం చేయలేదమ్మా. బండిలో వేశారు. బాగుందని ఉతుక్కుని వేసుకున్నా. అది కూడా తప్పేనా?"

"తప్పు కాదు నాయనా. నువ్వు చేసింది..." ఆవిడ ఇంకో అడుగు దగ్గరికి వేసింది. "తల కాస్త పైకెత్తు."

"వీధిలో చొక్కా విప్పమంటారా ఏంటి?"

"అక్కర్లేదు, గడ్డం ఎత్తు, చాలు."

ఆవిడ చేతిలో కుట్లు విప్పే చిన్న కత్తి చూసి అతను కళ్ళు మూసుకున్నాడు. "మెడ జాగ్రత్తమ్మా. ఇంటి దగ్గర పెళ్ళాం ఉంది."

"ఇన్నేళ్ళలో ఒక్క మెడా కోయలేదు. కదలకు."

ఈలోగా, రాత్రే పిస్తా దారం సంగతంతా విన్న ఆవిడ భర్త లోపల్నుంచి దీపాన్ని గొడుగుతో సహా ఊడదీసి, తీగ వేలాడుతుండగానే పట్టుకొచ్చాడు. పాలు కొనడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆగి ముక్కున వేలేసుకున్నారు. మాస్టారి భార్య తడిచెత్త బుట్టతో గేటు దగ్గరికి వచ్చి అలాగే నిలబడిపోయింది. ఆవిడ వెనకే మాస్టారు, చేతిలో పేపరు.

ఎడమ కొన నుంచి మొదటి బద్ద వచ్చింది. అద్దంలా తెల్లగా ఉంది. దాని మీద ఏమీ లేదు. ఆవిడ దాన్ని భర్త చేతిలో పెట్టింది. భర్త దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు. కుడి కొన దగ్గర దారం తెగడానికి ఆలస్యమైంది. తన కుట్టే గట్టిగా ఉందని మొదటిసారి ఆవిడ తనను తాను తిట్టుకుంది.

రెండో బద్ద నల్లగా వచ్చింది. ఒక అంచున కాస్త చెరిగింది గాని మిగతాది ఉంది. నలుపులో భుజం ఎముక చివర తెల్లటి వంపు. దాని పక్కన అక్షరాలు.

అక్షరాలు చదవడానికి ముందు ఆవిడ ఎముక చూసింది. గీతల గుడ్డకు జేబు కుట్టేటప్పుడు జేబు మీది గీతా చొక్కా మీది గీతా ఒక్కటిగా కలవాలి. లేకపోతే అది చొక్కా కాదు. అలాగే ఆ బద్దను తెల్లచుక్క ఉన్న ముక్క అంచుకు ఆనించింది. కత్తెర వంపుకు వంపు కుదిరింది. ఎముక గీత ఇటు నుంచి అటు ఎక్కడా తెగకుండా సాగింది.

అప్పుడు పేరు చదివింది. తల ఎత్తలేదు. భర్త వంగి, దారం కట్టిన కళ్ళజోడు సరిచేసుకుని చదివాడు. ఆయన కళ్ళు మాస్టారి మీదికి వెళ్ళాయి.

"ఏమిటమ్మా, నా పాత చొక్కాకు శవపరీక్ష చేస్తున్నారా?" అన్నారు మాస్టారు నవ్వుతూ. ఆ నవ్వు చివర దగ్గు వచ్చింది. ఆ దగ్గు వీధిలో అందరికీ వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

ఆవిడ ఎలా చెప్పిందో ఆవిడకే గుర్తు లేదు. ఎక్స్‌రే అతను చెప్పిన మాటలే చెప్పింది, ఏమీ కాకపోవచ్చన్న మాటతో సహా. మాస్టారు పేపరును నాలుగు మడతలు పెట్టారు, మళ్ళీ విప్పారు, మళ్ళీ మడిచారు. మాస్టారి భార్య చేతిలో బుట్ట అలాగే ఉంది.

"పారేశానే" అంది ఆవిడ, ఎవరితోనూ కాదు. "ఆ రిపోర్టులు, ఆ కాగితాలు, అన్నీ అప్పుడే పారేశానే. ఇప్పుడు డాక్టరు అడిగితే ఏం చూపిస్తాం?"

"ఫిల్ము పారేయలేదు వదినా" అంది పారేయకమ్మ. "నాకిచ్చావు."

ఆ పూటే నలుగురూ ఆసుపత్రికి వెళ్ళారు. గొడుగును విప్పితే ఏ దారం తెగి ఏం పాడవుతుందోనని మొత్తం దీపాన్నే ఒక పాత ప్యాంటు కాలు సంచిలో పెట్టుకుని వెళ్ళింది ఆవిడ. ఎక్స్‌రే అతను మాస్టారికి కొత్త ఫిల్ము తీశాడు. తీసి బయటికి తెచ్చాడు గాని ఏమీ అనలేదు. అనకపోయినా తెలిసింది. తెల్లచుక్క అందులోనూ ఉంది. మాస్టారి భార్య పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎవరిదో చూసుకోలేదు. అది పారేయకమ్మ చెయ్యి.

డాక్టరు పెద్దావిడ. గోడ మీది తెల్లటి వెలుతురు పెట్టెకు కొత్త ఫిల్ము తగిలించింది. తర్వాత ఆ దీపం గొడుగును చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పిస్తా దారాన్ని తనే జాగ్రత్తగా విప్పి, ఆ ముక్కను కొత్తదాని పక్కన పెట్టింది. కోసిన మూలను దాని చోట పెట్టింది. పేరు పక్కనే తీసిన తేదీ కూడా ఉంది. స్కేలు తీసి ఒక చుక్కను కొలిచింది. రెండోదాన్ని కొలిచింది. మళ్ళీ మొదటిదాన్ని కొలిచింది. దగ్గు ఆపుకోవడానికి మాస్టారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"పెరగలేదు" అంది డాక్టరు.

ఎవరికీ అర్థం కాలేదు.

"అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే ఉంది. ఇన్నేళ్ళలో వెంట్రుకవాసి కూడా మారలేదు. చెడ్డదైతే ఇలా ఊరుకోదు. ఎప్పుడో మానిపోయిన పాత మచ్చ అయి ఉంటుంది. దగ్గు వేరే సంగతి, దానికి మందిస్తాను." డాక్టరు వెనక్కి తిరిగింది. "ఈ పాత ఫిల్ము లేకపోయుంటే మచ్చ పాతదో కొత్తదో నాకు తెలిసేది కాదు. రొమ్ములో సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వచ్చేది. ఏడాది తర్వాత మళ్ళీ ఒక ఫిల్ము తీద్దాం. వచ్చేటప్పుడు ఈ రెండూ తప్పకుండా తీసుకురండి."

మాస్టారు నోటి దగ్గరి రుమాలు తీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన భార్య ఏడవలేదు. డాక్టరు బల్ల మీద పడి ఉన్న పిస్తా దారం కొసను తీసి, ఏం చేయాలో తెలియక, వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ ఆడమనిషి తన జీవితంలో ఒక దారం ముక్కను అంతసేపు చేతిలో పెట్టుకుని ఉండదు.

బండి అతని చొక్కాకు ఆ వారంలోనే కాలర్ తిప్పి కుట్టి ఇచ్చింది పారేయకమ్మ. లోపలి వైపు పిస్తా రంగు ఇంకా కొత్తదిలా ఉంది. "అమ్మా, ఈసారి ఎవరి పేరు పెట్టారు?" అని అడిగాడు అతను మెడ తడుముకుంటూ. "ఎవరిదీ లేదు నాయనా, ఖాళీ బద్దలు" అంది. నిజమే. మిగిలిన ఫిల్ములు ఎవరివో తెలుసుకోవడానికి, వాటి మూలల కోసం ఆవిడ రోజుకొక ఇంటికి వెళ్తోంది, కత్తి పట్టుకుని. ఆవిడ వస్తోందంటే వీధిలో మగవాళ్ళు కాలర్ మీద చెయ్యి పెట్టుకుంటున్నారు. దీపం గొడుగులో ఒకచోట ఖాళీ. అక్కడి నుంచి వెలుతురు ఏ అడ్డూ లేకుండా వచ్చి నేరుగా సూది మీద పడుతోంది. కళ్ళు జిగేల్మంటున్నాయని భర్త ఆ ఖాళీకి ఒక అట్టముక్క కట్టబోతే వద్దంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, ఆవిడ బకెట్‌లో తొక్కలు వేస్తుండగా ప్రహరీ మీదుగా ఒక పెద్ద కవరు వచ్చింది. దాని వెనక మాస్టారి భార్య ముఖం.

"రెండూ ఇందులో ఉన్నాయి. పాతదీ కొత్తదీ. నీ దగ్గరుంచు."

"నా దగ్గరెందుకు వదినా? మీవి కదా. డాక్టరు జాగ్రత్తగా పెట్టుకోమంది."

"అందుకే. మా ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు నా చెయ్యి ఊరుకోదు. నీ దగ్గరైతే ఎక్కడికీ పోదు."

పారేయకమ్మ కవరు అందుకుని గుండెకు ఆనించుకుంది. "గొడుగుకి వాడను, ఒట్టు."

"వాడుకుంటే వాడుకో. కళ్ళ ముందుంటుంది." మాస్టారి భార్య వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. "పేరు మాత్రం కోయకు. ఆ బకెట్ కూడా కాస్త అటు జరుపు. వాసన రావడం మాత్రం నిజమే."